ఎన్నిక: ఎన్నడం, ఎంచడం

ఓట్లేసి నాయకుణ్ని తెచ్చుకునే తతంగానికి మన ఇరుగుపొరుగు భాషలు ఏ పేరు పెట్టుకున్నాయో చూడండి. హిందీలో చునావ్, చున్‌నా అంటే ఏరడం. మరాఠీలో నివడణూక్, అదీ ఏరడమే. తమిళులు తేర్దల్ అంటారు, మలయాళీలు తిరఞ్ఞెడుప్పు అంటారు. రెండింటికీ ఎంపిక చేసుకోవడమనే అర్థం. కన్నడిగులు ఉత్తరాది మాటనే తెచ్చుకుని చునావణె చేసుకున్నారు. ఒడియావాళ్లది నిర్వాచనం. నిజాం కాలంలో కచేరీ భాషగా నడిచిన ఉర్దూలో ఇంతిఖాబ్. ఇంగ్లీషు ఎలక్షన్‌కు మూలమైన లాటిన్ క్రియకూ బయటికి ఏరి తీయడమనే అర్థం. ఇంతమంది ఏరుతుంటే తెలుగువాడు మాత్రం పక్కన కూర్చుని లెక్కపెట్టాడు. మన మాట ఎన్నిక. ఎన్నడం అంటే లెక్కించడం.

ఏరడానికి మనకు మాట లేక కాదు. బియ్యంలో రాళ్లు ఏరతాం. ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్లలో దసరా దాటితే పత్తి ఏరే కూలీల కోసం వెతుకులాట మొదలవుతుంది. ఏరు నుంచి ఏరిక అనో, కోరు నుంచి కోరిక లాగా మరొకటో పుట్టించుకోవచ్చు. భాష ఆ దారిన పోలేదు. ఎన్ను అన్న క్రియకు ‘ఇక’ చేర్చి అప్పటికే ఉన్న పాత మాటను ఈ కొత్త పనికి పెట్టింది.

ఆ ధాతువు పాతది, దక్షిణాది అంతటా ఉన్నది. తమిళంలో ఎణ్ అంటే సంఖ్య. కన్నడంలో ఎణిసు అంటే లెక్కించు. అక్కడి ణకారం తెలుగులో నకారంగా మారడం మామూలే: కణ్ మనకు కన్ను అయింది, మణ్ మన్ను అయింది, అలాగే ఎణ్ ఎన్ను అయింది. ఈ ఎన్నుకు తోబుట్టువు ఎంచు. ఎన్ను, ఎంచు రెండూ మొదట లెక్కపెట్టడాన్నే చెప్పాయి. లెక్కపెట్టేటప్పుడు ఒక్కొక్కదాన్నీ విడివిడిగా చూడాలి. చూస్తే మంచీచెడూ తెలుస్తాయి. తెలిస్తే ఒకటి కావాలనిపిస్తుంది. అలా ఎంచడం మెల్లగా ఎంచుకోవడం దాకా వచ్చింది. ఎన్ను మాత్రం వాడుకలో సన్నబడి కొన్ని పలుకుబళ్లలో మిగిలింది. ఎదుటివాడి తప్పులెన్నుతాం. గొప్ప పనిని ఎన్నదగినది అంటాం. లెక్కకు అందనిదాన్ని ఎన్నలేనిది అంటాం.

ఇక్కడ ఇద్దరు దొంగ చుట్టాలను పక్కకు పెట్టాలి. ఎన్ని ఓట్లు వచ్చాయి అన్నప్పటి ‘ఎన్ని’ ఈ ఇంటి బిడ్డ కాదు. అన్ని, ఇన్ని, ఎన్ని అని అది మరో వరస. అక్కడ ‘ఎ’ ప్రశ్నార్థకం. పొట్ట దశ దాటిన జొన్నకు వచ్చే ఎన్నూ ఈ ఎన్ను కాదు. అది వెన్నుకు మరో రూపం. శబ్దం ఒకటే కనుక ‘పండిన ఎన్నే ఎన్నిక’ అని వేదిక మీద చెబితే చప్పట్లు పడతాయి గానీ నిఘంటువు ఒప్పుకోదు.

అసలు తమాషా పొరుగింటి మాటతో పోల్చినప్పుడు బయటపడుతుంది. తమిళంలో ఓట్ల లెక్కింపును వాక్కు ఎణ్ణిక్కై అంటారు, కన్నడంలో మత ఎణికె. అంటే మన ఎన్నికకు అక్కచెల్లెళ్లైన మాటలు అక్కడ కౌంటింగ్ హాల్లోనే ఆగిపోయాయి. మన దగ్గర ఆ మాట హాలు దాటి వచ్చి నామినేషన్ నుంచి ప్రమాణ స్వీకారం దాకా మొత్తం తతంగానికి పేరై కూర్చుంది. దాని పాత కొలువు ఖాళీ అయ్యేసరికి కౌంటింగ్‌కు మనం లెక్కింపు అనే మాటను తెచ్చుకోవలసి వచ్చింది. లెక్క ప్రాకృతం మీదుగా వచ్చిన మాట. దాని వెనక ఉన్నది సంస్కృతంలోని లేఖ్యం, అంటే రాయవలసినది. ఎన్నడం వేళ్ల మీదా నోటి మీదా సాగే పని. లెక్క కాగితం మీది పని. ఓట్ల లెక్కింపు అన్న మాటలో కాగితం, కలం, గుమాస్తా ముందే కూర్చుని ఉన్నారు.

పాత తెలుగులో ఎన్నికకు మరో ముఖం కూడా ఉంది. 1852లో సి.పి.బ్రౌన్ అచ్చువేసిన నిఘంటువు కాలానికి ఈ మాటకు లెక్కపెట్టడం, తలపోయడం వంటి అర్థాలే. ఓట్ల వాసన ఇంకా తగలలేదు. ఎన్నిక గాంచినవాడు అంటే పేరున్నవాడు, పదిమందీ గౌరవించేవాడు. లెక్కకూ గౌరవానికీ ఈ చుట్టరికం ఇప్పటికీ చెడలేదు. ‘వాడు నన్ను లెక్కచేయడు’ అంటే కూడికలు రాని మనిషని కాదు కదా. ‘నా మాట లెక్కలోకే రాలేదు’ అని అలిగినవాడు అడుగుతున్నది అంకె కాదు, మర్యాద. తెలుగులో మనిషిని గౌరవించడమంటే లెక్కలో వేసుకోవడం. ప్రజాస్వామ్యానికి ఇంతకన్నా అమరిన మాట ఏ కమిటీ కూర్చుని ఆలోచించినా దొరికేది కాదు.

జనం నోట ఈ మాట తక్కువే. పల్లెల్లో ఎలచ్చన్లు, పట్నంలో ఎలక్షన్లు. వరంగల్‌లో నగరపాలక సంస్థను కూడా ఆ పేరుతో పిలిచేవాళ్లు అరుదు, అది బల్దియా. అరబ్బీలో బలద్ అంటే ఊరు. దాన్నుంచి పుట్టి, ఉర్దూ వెంట వచ్చి, నిజాం పోయినా ఇక్కడే స్థిరపడింది. పత్రికల శీర్షికల్లోనూ ‘బల్దియా పోరు’ అనే రాస్తారు. ఎన్నిక, ఎన్నికలు అన్నవి నోటిఫికేషన్‌లోనూ వార్తల్లోనూ నడిచే మాటలు. ఆ ఏకవచన బహువచనాల తేడాలో చిన్న వ్యాకరణం దాగి ఉంది. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లకు 2021 ఏప్రిల్ 30న పోలింగ్ జరిగింది, మే 3న ఓట్లు లెక్కించారు. టీఆర్ఎస్‌కు 48, బీజేపీకి 10, కాంగ్రెస్‌కు 4, ఇతరులకు 4 డివిజన్లు వచ్చాయి. అవి బల్దియా ఎన్నికలు. మే 7న గుండు సుధారాణి మేయర్ అయ్యారు, రిజ్వానా షమీమ్ డిప్యూటీ మేయర్ అయ్యారు. అది మేయర్ ఎన్నిక. జనం చేసేది బహువచనంలో, జనం పంపినవాళ్లు చేసేది ఏకవచనంలో.

ఇక ఓటు. ఇంగ్లీషు మాట మొదట ఉన్న వకారం తెలుగులో ఎందుకు పోయిందో చిన్నయసూరి బాలవ్యాకరణం తెరిస్తే తెలుస్తుంది. వు, వూ, వొ, వో అనే అక్షరాలు తెలుగు మాటలకు మొదట ఉండవని ఆయన సూత్రం. వోటు అని రాసే పత్రికలు ఒకప్పుడు ఉండేవి గానీ తెలుగు నాలుక తన సూత్రాన్నే పట్టుకుంది. అలా కుదిరిన ఓటు రూపం పాత ఇంటి మాటల పక్కన ఇరుకున పడింది. ఓడు, ఓటమి, పగిలిన ఓటి కుండ ఇవన్నీ ఆ చప్పుడు చుట్టూ ముందు నుంచీ ఉన్నవే. లాటిన్‌లో దీని మూలం వోటుమ్. దేవుడి ముందు మొక్కుకున్న మొక్కు అని అర్థం. రెండేళ్లకోసారి మేడారం వెళ్లి సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం మొక్కు చెల్లించే ఊళ్లవాళ్లకు ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు. మొక్కు చెల్లిస్తాం. ఓటు కూడా చెల్లాలి. ఈ ‘చెల్లడం’ దగ్గరికి మళ్లీ వద్దాం.

ఎన్ను, ఎంచు అన్న తోబుట్టువులు విడివిడిగా పనిచేయడం చూడాలంటే బ్యాలెట్ పెట్టెలు తెరిచే చోటికి వెళ్లాలి. తెలంగాణ మున్సిపల్ ఎన్నికల్లో ఇటీవల వాడినవి కాగితపు బ్యాలెట్లే. కౌంటింగ్ రోజు పొద్దున సీలు చూపించి, ఏజెంట్ల ఎదుట పెట్టె తెరిచి, కాగితాలను టేబుల్ మీద గుమ్మరిస్తారు. వెంటనే ఎవరికెన్ని అని చూడరు. మొదట 25 కాగితాలకు ఒక కట్ట చొప్పున కట్టలు కడతారు. ఈ దశలో ఓటు ఎవరికి పడిందన్నది ఎవరికీ అక్కర్లేదు. పెట్టెలో ఎన్ని కాగితాలున్నాయి, పోలింగ్ ముగిసినప్పుడు ప్రిసైడింగ్ అధికారి రాసిచ్చిన ఖాతాతో ఆ సంఖ్య సరిపోయిందా అన్నదే చూడాలి. ఇది అచ్చంగా ఎన్నడం. ఆ తరువాత ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరి వైపు మొగ్గారో తెలియకుండా కట్టలన్నీ కలిపేస్తారు. కలిపాక టేబుళ్లకు పంచుతారు. 2020 గ్రేటర్ హైదరాబాద్ లెక్కింపులో టేబుల్‌కు 40 కట్టలు, అంటే 1,000 ఓట్లు ఇచ్చారు. అప్పుడు ఒక్కో కాగితం విప్పి, గుర్తు చూసి, ఏజెంట్లకు చూపించి, అభ్యర్థుల వారీగా వేరుచేస్తారు. ఇది ఎంచడం. గుర్తు మీద అనుమానం వస్తే ఆ కాగితం ఏ పక్కకూ పోకుండా రిటర్నింగ్ అధికారి ముందుకు వెళుతుంది.

తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఈ రెండు పనుల్లో ఒకటి గుమాస్తాకు లేనే లేదు. 1952 నాటికి ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద అతని గుర్తు. ఓటరు తనకిచ్చిన కాగితం మీద ఏమీ గీయకుండా నచ్చినవాడి పెట్టెలో వేసి వచ్చేవాడు. ఎంచే పని అక్కడితో అయిపోయేది. అధికారులకు మిగిలింది ఎన్నడమే. ఆ ఏడాది వరంగల్ లోక్‌సభ స్థానానికి పోటీ చేసిన కాళోజీ నారాయణరావు పెండ్యాల రాఘవరావు చేతిలో ఓడిపోయారు. పలుకుబడుల భాషే భాష అని జీవితమంతా వాదించి, తన పుట్టినరోజే తెలంగాణ భాషా దినోత్సవమైన మనిషిని ఆ పెట్టెలు లెక్కలో వెనక్కి నెట్టాయి. మాటకున్న రెండో అర్థంలో మాత్రం ఆయన ఎన్నికకు వచ్చిన లోటు లేదు.

తరువాతి కాలంలో కాగితం మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. ముద్రతో పాటు చిక్కులూ వచ్చాయి. ఓటరుకు ఇచ్చే రబ్బరు ముద్ర స్వస్తిక్ ఆకారంలో ఉంటుంది. సిరా ఆరకముందే కాగితం మడిస్తే రెండోవైపు మరక అంటుకుంటుంది. స్వస్తిక్‌కు ఓ గుణం ఉంది: మడతలో అంటుకున్న రూపం ఎదురు తిరిగి కనిపిస్తుంది. కాస్త శ్రద్ధగా చూసే గుమాస్తా ఏది ఓటరు వేసిన ముద్రో, ఏది మడతలో అంటిన మరకో ఇట్టే చెబుతాడు. అసలు ముద్ర స్పష్టంగా ఉంటే మరకను చూసి ఓటును తోసేయరు. ఇద్దరికి ముద్ర వేసినా, ఎవరికీ వేయకపోయినా, ఓటు వేసింది ఎవరో పోల్చుకునేలా గుర్తు పెట్టినా ఆ కాగితం చెల్లదు.

చెల్లదు అన్న ఈ మాట సంతలోంచి వచ్చింది. చెల్లు అంటే మొదట నడవడం, సాగడం. చేతి నుంచి చేతికి నడిచే నాణెం చెల్లే నాణెం. చెల్లుబాటు, చెల్లింపు, చెల్లుచీటీ అన్నీ ఆ నడక నుంచే వచ్చాయి. ఓటు విషయంలోనూ తెలుగు అదే అడుగుతుంది: మీరు వేసిన కాగితం పెట్టెలోంచి లెక్కలోకి నడిచిందా, మధ్యలో ఆగిపోయిందా?

2020 డిసెంబరులో ఈ ప్రశ్న హైదరాబాద్‌లో హైకోర్టు దాకా వెళ్లింది. డిసెంబరు 1న 150 డివిజన్లకు పోలింగ్ జరిగింది. కొన్ని చోట్ల ఓటర్లకు స్వస్తిక్ ముద్ర బదులు పోలింగ్ కేంద్రం ముద్ర చేతికిచ్చారు. ఓటరు తన చేతికిచ్చిన ముద్రనే వేశాడు. లెక్కింపుకు ముందురోజు రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘం అలాంటి ఓట్లనూ లెక్కలోకి తీసుకోవచ్చని ఆదేశమిచ్చింది. హైకోర్టు దాన్ని ఆపింది. 4వ తేదీన ఫలితాలు వచ్చాయి గానీ నేరేడ్‌మెట్ డివిజన్ ఒక్కటి నిలిచిపోయింది. అక్కడ టీఆర్ఎస్ అభ్యర్థి ఆధిక్యం 504. పక్కన పెట్టిన వేరే ముద్రల ఓట్లు 544. ఆధిక్యం కన్నా ఆగిన కాగితాలే ఎక్కువైతే గెలుపు చెప్పేదెలా? కోర్టు అనుమతి వచ్చాక డిసెంబరు 9న ఆ 544 కాగితాలూ విప్పారు. ఆధిక్యం 782కు పెరిగింది.

గెలిచినవాళ్లు మారలేదు కదా, అయిదు రోజుల రభస దేనికి అనేవాళ్లు ఉంటారు. ఎన్నిక అంటే ఏరడమే అయితే ఆ మాట నిజం, ఏరవలసినవాణ్ని ఏరేశారు. ఎన్నిక అంటే ఎన్నడం కనుకనే ఆ కాగితాలు విప్పవలసి వచ్చింది. తప్పుడు ముద్ర ఇచ్చింది కేంద్రంలో కూర్చున్న సిబ్బంది, లెక్కలోకి రాకుండా పోయేది వరుసలో నిలబడ్డ ఓటరు. చేతికిచ్చిందే వేసినవాణ్ని లెక్కచేయకపోవడం తెలుగు మాట తీరుకే విరుద్ధం.

కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు పెద్దలు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది కొలత. మొదటి కొలత శుభంగా ఉండాలని. ఓట్ల టేబుల్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. అక్కడ మొదటి కాగితం ఒకటే, చివరిదీ ఒకటే. లాభనష్టాలు ఎవరివో లెక్క అయిపోయేదాకా తెలియకూడదు. కల్లం కొలతలో గింజ కోరుకునేది రాశి. ఓటు కోరుకునేది తానొక్కటిగా నిలబడటం.

లెక్క అయిపోయినంత మాత్రాన ఎన్నిక అయిపోదు. రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించి, ధ్రువీకరణ పత్రం చేతికిస్తాడు. సమాన ఓట్లు వస్తే చీటీలు వేస్తారు. గెలిచినవాళ్లంతా కలిసే తొలి సమావేశంలో ప్రమాణ స్వీకారం, వెనువెంటనే మేయర్ ఎన్నిక. ఇక్కడ కాగితం ఉండదు, పెట్టె ఉండదు, చేతులెత్తాలి. కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో హోదాలో ఎమ్మెల్యేలు, ఎంపీలూ చేయెత్తుతారు. తెలుగులో చేతులెత్తేయడమంటే ఇక నా వల్ల కాదనడం. విప్ అందుకున్న కార్పొరేటర్‌కు ఆ రెండు అర్థాలూ ఒకేసారి తగలవచ్చు. విప్‌ను కాదని చేయెత్తినవాడి ఓటు చెల్లుతుంది, పదవి చెల్లదు. ఒకే క్రియ ఒకే మనిషి మీద రెండు తీర్పులు చెప్పడం చట్టంలో ఇలాంటి చోటే చూస్తాం.

ఇక అసలు ఎన్నడమే అక్కర్లేని ఎన్నిక ఒకటుంది. దాన్ని ఏకగ్రీవం అంటాం. గ్రీవం మెడ, అందరిదీ ఒకే మెడ అయినట్టు తలలన్నీ ఒకేసారి ఊగడం. పంచాయతీలు ఏకగ్రీవమైతే ప్రభుత్వాలు నజరానాలు ప్రకటించడం మనకు అలవాటే. ఖర్చు తగ్గుతుంది, పగలు పెరగవు, ఊరికి నాలుగు రాళ్లు వస్తాయి. ఒప్పుకోవలసిందే. కాకపోతే ‘ఏకగ్రీవంగా ఎన్నిక’ అని రాసిన ప్రతిసారీ భాష కొంచెం తడబడుతుంది. ఎవరినీ లెక్కపెట్టకుండా జరిగిన లెక్క అది. ఒద్దన్నవాడు ఒక్కడున్నా వాడిది ఏ కట్టలో ఎన్నో కాగితమో ఎక్కడా నమోదు కాదు.

అందుకే కౌంటింగ్ మరునాడు పత్రికల్లో మెజారిటీల పట్టికతో పాటు మరో వరస కూడా ఉండాలనిపిస్తుంది. డివిజన్ వారీగా చెల్లని ఓట్లు ఎన్ని, ఏ కారణంతో తోసేశారు, వాటిలో ఓటరు పొరపాటుతో పోయినవెన్ని, సిబ్బంది పొరపాటుతో పోయినవెన్ని. అధికారుల దగ్గర కాగితాల లెక్క ఉంటుంది. కారణంతో సహా ముద్రించడం పెద్ద పనేమీ కాదు. గెలుపు తేడా వందల్లో ఉండే డివిజన్లలో ఆ వరస ఫలితమంత ముఖ్యం. ఏరుకునే హక్కును ముద్ర వేయగానే ఓటరు వాడేసుకుంటాడు. ఆ తరువాత లెక్కలోకి వచ్చే హక్కు ఒకటి మిగిలి ఉంటుంది, అది పూర్తిగా ఇతరుల చేతుల్లో ఉంటుంది. ఇరుగుపొరుగు భాషలు మొదటి హక్కును పేరులో పెట్టుకున్నాయి. తెలుగు రెండోదాన్ని పెట్టుకుంది కనుక, దాని జవాబు అడగడం తెలుగువాళ్లకే ఎక్కువ చెల్లుతుంది.